రౌటరులోని నీరుగంటి

మన సీమలో చెరువు నిండినంత మాత్రాన పైరు పండదు. తూము వద్ద నిలిచి, ఏ మడికి ఎంత నీరు, ఏ వేళ వదలాలో చూచే నీరుగంటి ఉండాలి. కరవు నేలలో నీటి రాక ఎంత ముఖ్యమో నీటి పంపకమూ అంతే ముఖ్యమని కంబదూరు పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. నేడు తీగ గుండా మన ఇండ్లకు వస్తున్న ఇంటర్నెట్టుకు కూడా అట్టి నీరుగంటి ఒకటున్నది. అదే రౌటరు.

తెలుగు పాఠం చెప్పేవానికి ఈ యంత్రాలతో పనేమిటని విద్యార్థి మిత్రులు శంకించవచ్చు. ఆ సంబంధం ముందు ముందు తెలియగలదు.

రౌటరు నిజానికి ఒక చిన్న కంప్యూటరు. దానిలో స్థిరంగా నిలిచి దానిని నడిపించే సాఫ్ట్‌వేరును ఫర్మ్‌వేర్ అంటారు. నీరుగంటి పాటించే కట్టుబాట్ల వంటిదే ఈ ఫర్మ్‌వేర్. కొన్ననాడు తయారీదారు పెట్టి ఇచ్చినదే అందులో ఉంటుంది. కొన్నేండ్లకు కొత్త నమూనాలు రాగానే పాతవాటికి సవరణలు పంపడం ఆగిపోతుంది. యంత్రం బాగానే ఉంటుంది గాని, బయటపడిన లోపాలను పూడ్చే నాథుడుండడు. ఇటువంటి అజాగ్రత్త ఎంత ప్రమాదమో 2016లో లోకానికి తెలిసివచ్చింది. మిరాయి అనే దుష్ట ప్రోగ్రాం, తయారీనాటి పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకొని, వాటి చేతనే ఇతరుల సర్వర్లపై దాడి చేయించింది.

ఇందుకు ఒక ప్రత్యామ్నాయం లేకపోలేదు. లింక్‌సిస్ సంస్థ 2002 డిసెంబరులో డబ్ల్యుఆర్‌టి 54జి అనే రౌటరును విడుదల చేసింది. దాని ఫర్మ్‌వేరులో లినక్స్ దాగి ఉన్నదని 2003లో కొందరు ప్రోగ్రామర్లు గుర్తించారు. లినక్సును ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు. అయితే దాని లైసెన్సు ప్రకారం, ప్రోగ్రామును పొందినవారు అడిగితే దాని మూలపాఠాన్ని కూడా ఇచ్చి తీరాలి. అప్పటికి లింక్‌సిస్‌ను కొన్న సిస్కో సంస్థ ఆ ఏడే మూలపాఠాన్ని వెల్లడించవలసి వచ్చింది. ఆ పునాదిపై 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే ఫర్మ్‌వేర్ రూపొందింది. దాని పేరులోని చివరి అక్షరాలు ఆ రౌటరు నుండి వచ్చినవే.

సాహిత్య విద్యార్థికి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. తాళపత్రం ఒకరి పెట్టెలో తాళం పడి ఉన్నంతకాలం లేఖక దోషాలు దోషాలుగానే ఉంటాయి. మూలం నలుగురి చేతికి వచ్చిననాడే పరిష్కర్తలు పుడతారు. ప్రోగ్రాముల విషయంలోనూ న్యాయం ఇదే. మన భాషా ప్రాంతంలో స్వేచ్ఛ అనే సంస్థ హైదరాబాదు కేంద్రంగా తెలుగు లినక్సు కోసం చేసిన కృషికి మూలసూత్రం కూడా ఇదే.

దీనివల్ల కలిగే లాభాలు రెండు. మొదటిది భద్రత: తయారీదారు విడిచిపెట్టిన రౌటర్లు అనేకం మరికొన్నేండ్లు సవరణలతో బ్రతుకుతాయి. రెండవది పంపకం: ఒకరు పెద్ద సినిమా దించుకొంటూ ఉంటే పక్కవారి పాఠం ఆగిపోకుండా, వరుస తప్పకుండా వంతులు వేసే సౌకర్యం ఇందులో ఉన్నది. కొంచెపు వేగాన్ని పదిమంది పంచుకొనే చోట దీని విలువ తెలుస్తుంది.

కాని తొందర పనికిరాదు. రెండేండ్ల క్రితం నా ఇంటి రౌటరుకు నేనే ఈ మార్పు చేయబూనాను. నమూనా పేరు చూచాను గాని, అడుగున చీటీపై ఉన్న వెర్షను సంఖ్య చూడలేదు. ఒకే పేరుతో లోపల వేరు వేరు భాగాలతో రౌటర్లు వస్తాయని అప్పుడు నాకు తెలియదు. అది మరి వెలగలేదు. తప్పు నాది, నష్టమూ నాదే. కనుక ఈ క్రమం గుర్తుంచుకోండి.

మొదట నమూనా పేరును, వెర్షనును ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వారి పట్టికతో సరిచూడండి. 16 మెగాబైట్ల ఫ్లాష్, 128 మెగాబైట్ల ర్యామ్ ఉంటే మేలు. 4, 32 మాత్రమే ఉన్నవాటికి కొత్త విడుదలలు రావు. ఈ కథకు ఆద్యమైన ఆ మొదటి రౌటరు సైతం నేడు అర్హత కోల్పోయింది. దించుకొన్న ఫైలు చెక్‌సమ్ సరిపోయినదో లేదో చూడండి. చెడితే బాగుచేసుకొనే మార్గం ముందే చదవండి. వైఫై మీద గాక, తీగతో కంప్యూటరుకు కలిపి పని చేయండి. రాత జరిగే ఆ కొద్ది నిమిషాలలో కరెంటు పోరాదు, యు.పి.ఎస్. లేనిదే మన ఊళ్లలో ఈ పనికి పూనుకోవద్దు. ముగిసిన వెంటనే పాస్‌వర్డు పెట్టండి. సాధారణంగా వైఫై ఆపివేయబడి ఉంటుంది, దానిని మీరే ప్రారంభించుకోవాలి.

సేవాసంస్థ అద్దెకిచ్చిన ఫైబరు పెట్టె జోలికి మాత్రం పోరాదు. అది పరుల సొత్తు. దాని వెనుక మీ సొంత రౌటరును కలుపుకోవచ్చు.

కళాశాల కార్యవర్గం వారికి ఒక మనవి. మూలపడిన పాత రౌటర్లను పాత సామాను బేరగానికి వేసేముందు, ఒక్కటి విద్యార్థుల చేతికివ్వండి. అది చెడినా పోయేది ఏమీ లేదు. బాగుపడితే మన నీటికి మన నీరుగంటి దొరుకుతాడు.