ఊరినడుమ నుండు పక్షులకు ఛాయాచిత్రము తీయుట

పూర్వము పట్టణములలోని ఫోటో దుకాణములలో గోడకొక రంగుతెర వ్రేలాడుచుండెడిది. దానిపై పూలతోటయో, మేడమెట్లో, కొలనో చిత్రింపబడి యుండెడిది. పెండ్లివారును, పరీక్షయందు నెగ్గిన బాలురును దానిముందు నిలువబడి బొమ్మ తీయించుకొనెడివారు. గోడపగుళ్లను, వీధిలోని బండ్లను బొమ్మలోనికి రానీయకుండుటయే యా తెరయొక్క ప్రయోజనము. పక్షులకు ఛాయాచిత్రములు తీయువారిలో ననేకులు నేటికిని అట్టి తెరకొరకే వెదకుచుందురు. నిర్మలమైన ఆకాశమో, నిశ్చలమైన నీరో, దూరమందలి పచ్చని చేనో పక్షివెనుక దొరకినచో వారికి తృప్తి. దొరకనిచో బొమ్మ చెడినదని విచారింతురు.

మన శ్రీకాకుళము జిల్లాలో అట్టి తెర దొరకని గ్రామములు రెండు కలవు. ఒకటి టెక్కలి మండలములోని తేలినీలాపురము. రెండవది ఒరిస్సా సరిహద్దున ఇచ్ఛాపురము మండలములోనున్న తేలుకుంచి. ఈ యూళ్లకు వచ్చు పెద్దపక్షులు అడవులను గాని, నిర్జనమైన లంకలను గాని కోరవు. మనుష్యుల యిండ్లనడుమనున్న చింత మొదలగు ఊరిచెట్లమీదనే గూళ్లు కట్టుకొనును. క్రింద పశువులు నెమరువేయుచుండును, దండెముపై చీరలారుచుండును, బాలురు గోలీలాడుచుందురు. పైన కొంగ పిల్లకు మేత నందించుచుండును. ఇట్టిచోట బొమ్మ తీయు విధమెట్టిదో తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా పక్షులనుగూర్చి కొంచెము తెలిసికొనవలెను. తేలినీలాపురమునకు వచ్చునవి ముఖ్యముగా గూడబాతులును, ఎర్రకాళ్లకొంగలును. వానకాలపు చివర సెప్టెంబరు ప్రాంతమున వచ్చి, పిల్లలను పెంచుకొని, మార్చి, ఏప్రిలు నెలలలో వెడలిపోవును. నౌపడా ఉప్పుమడులును, చిత్తడినేలలును సమీపముననే యుండుటచే మేతకు లోటులేదు. తేలుకుంచికి వచ్చునవి నత్తగుల్లకొంగలు. అవి తొలకరి వానలతో వచ్చి శీతకాలారంభమున పోవును. ఈ పక్షులు సైబీరియానుండి వచ్చునని పలువురు చెప్పుదురు. కొన్ని పత్రికలును అట్లే వ్రాయుచుండును. అది సరికాదు. ఈ మూడు జాతులును దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశములకు చెందినవే. నీటిని, మేతను వెదకుచు నొకతావునుండి మరియొకతావునకు పోవునుగాని మంచుదేశములనుండి వచ్చునవి కావు.

చెరువునీటిని పొలమునకు చేదుటకై యిద్దరు మనుష్యులు చెరియొకవైపున త్రాళ్లుపట్టి యూపు బుట్టను గూడ యందుము. గూడబాతు తన ముక్కుక్రింది సంచితో నీటిని, చేపలను కలిపి తోడుకొనుట చూచినవారికి ఆ గూడయే జ్ఞప్తికి వచ్చును. దాని పొడవు ముక్కునుండి తోకవరకు ఒకటింబావు మీటరు మొదలుకొని ఒకటిన్నర మీటరు వరకుండును. ఎర్రకాళ్లకొంగకు రొమ్ముపై నలుపు తెలుపుల పట్టీయు, తోకదగ్గర గులాబిరంగు ఈకలును, పసుపుపచ్చని ముక్కును గలవు. నత్తగుల్లకొంగ వీనికంటె చిన్నది. దాని ముక్కు మూసినప్పుడును రెండు దవడలనడుమ సందుండును. పిల్లలకు ఆ సందుండదు, పెరిగినకొలది యేర్పడును.

ఈ గుర్తులే ఛాయాగ్రాహకునకు మొదటి పాఠము. నత్తగుల్లకొంగ ముక్కుసందు బొమ్మలో కనబడవలెనన్న దానివెనుక వెలుగుగల ఖాళీస్థలముండవలెను. వెనుక పుల్లలును ఆకులును ఉన్నచో ఆ సందు పుల్లలలో కలిసిపోవును. చూచువారు దానిని వేరొక కొంగ యనుకొందురు. ఇందుకు విరుద్ధముగా, బూడిదవన్నె గూడబాతునకు మబ్బుపట్టిన ఆకాశము వెనుకనున్నచో పక్షియు మబ్బును ఏకమైపోవును. దానికి చింతచెట్టు కొమ్మలనడుమనున్న చీకటియే మేలు. కావున వెనుకతెర మంచిదా చెడ్డదా యని అడుగుటకంటె, ఈ పక్షియొక్క యే గుర్తును చూపవలెనో, దానికేది వెనుకనుండవలెనో ఆలోచించుట ఉచితము.

నేను మొదటిసారి తేలినీలాపురము పోయినప్పుడు ఈ యాలోచన నాకు లేదు. ఇంటికివచ్చి చూచుకొనగా ఒక గూడబాతు నెత్తినుండి కరెంటు స్తంభము మొలచియుండెను. మరియొక కొంగ మెడను తీగలు మూడుచోట్ల కోసినట్లుండెను. మన కన్ను పక్షినే చూచును. మనస్సు మిగిలినదానిని త్రోసివేయును. యంత్రమునకు మనస్సు లేదు. స్తంభమును, కొంగను సమానముగనే గ్రహించును. అందుచే బొత్తాము నొక్కుటకు ముందు పక్షిని విడిచి, దానిచుట్టునున్న అంచులను ఒకసారి కన్నులతో చుట్టిరావలెను. రెండడుగులు ప్రక్కకు జరిగినచో స్తంభము చాలమారు తొలగిపోవును. ఇంత సులభమైన యుపాయమును నేర్చుకొనుటకు నాకు రెండు సంవత్సరములు పట్టినదని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను.

వెనుకనున్నదానిని మసకబరచుట రెండవ యుపాయము. ఇది మూడు విషయములపై నాధారపడియున్నది. లెన్సు పొడవెక్కువైన కొలదియు, దాని ద్వారము పెద్దదైన కొలదియు, పక్షికిని వెనుకనున్న గోడకును ఎడము పెరిగిన కొలదియు గోడ మసకయగును. 400 మిల్లీమీటర్ల లెన్సుతో, ఎఫ్ 5.6 ద్వారముతో, 15 మీటర్ల దూరముననున్న పక్షిని తీసినచో స్పష్టముగా వచ్చు లోతు దరిదాపు అర మీటరు మాత్రమే. గూడబాతు పొడవు అంతకు రెట్టింపునకు పైగా నున్నది గదా! కావున అది మనకెదురుగా ముక్కుచాచి నిలిచినప్పుడు కన్ను స్పష్టమైనచో తోక మసకయగును. ప్రక్కకు తిరిగి నిలిచినప్పుడు మొదటినుండి చివరవరకు స్పష్టముగా వచ్చి, వెనుకనున్న పెంకుటిల్లు మాత్రము కరగిన రంగువలె కనబడును. నేటి యంత్రములు తమంతట తామే గురిచూచుకొనును గాని, కొమ్మలనడుమ అవి తరచుగా ముందున్న పుల్లను పట్టుకొనును. గురిని ఒకే బిందువునకు కుదించి, దానిని పక్షి కంటిపై నుంచవలెను.

వెలుగు లెక్కయు కొంత కలదు. యంత్రము చూచినదంతయు కలిపి నడిమి బూడిదరంగుగా నెంచును. నల్లని చెట్టు వెనుకనున్నచో అది వెలుగు చాలదని భ్రమించి ఎక్కువ వెలుగును తీసికొనును. కొంగ తెల్లని యీకలు సున్నపు ముద్దయగును. అప్పుడు ఒక మెట్టు తగ్గింపవలెను. తెల్లని ఆకాశము వెనుకనున్నప్పుడు పక్షి బొగ్గువలె నల్లబడును. అప్పుడు ఒక మెట్టో, అంతకు మించియో పెంచవలెను. చెట్టుక్రిందినుండి తీయువానికి వెనుకతెర ఆకాశము. అటవీశాఖవారు కట్టిన గోపురమునెక్కి తీయువానికి వెనుకతెర ఊరు. ఒకే గూటిని ఈ రెండుచోట్లనుండియు తీసి పోల్చిచూచిన బాలునకు ఏ పుస్తకముయొక్క అవసరమును లేదు.

ఈ యుపాయములన్నియు నేర్చి, ఇల్లు, తీగ, దండెము లేని చక్కని బొమ్మ నొకదానిని నేను తీసితిని. ఎర్రకాళ్లకొంగ, రెండు పిల్లలు, వెనుక ఆకుపచ్చని మసక. మరుసటి సంవత్సరము దానిని తీసికొనిపోయి, ఆ చెట్టుగల యింటి ముసలమ్మకు చూపితిని. ఆమె చాలసేపు చూచి, "బాగున్నది బాబూ, మా యిల్లేది?" అనెను. ఇల్లు రాకుండ తీయుటయే నేర్పని నేను వివరింపబోయితిని. "మా పెరటిలోనే గదా పుట్టినవి! ఇది చూచినవారికి ఎవరి పెరడో ఎట్లు తెలియును?" అని ఆమె మరల నడిగెను. నాకు బదులు తోచలేదు.

ఆమె యడిగినదానిలో న్యాయమున్నది. ఆ పక్షులు గూళ్లలోనున్న నెలలలో చెట్టుక్రింద రెట్టలచే నేల తెల్లబడును. కుళ్లిన చేపల వాసన వాకిటనుండి వంటయింటివరకు వచ్చును. ఆ కాలమున కొమ్మ నరికినచో గూడు పోవును గనుక వంటకు పుల్ల కావలసినను నరుకరు. పక్షులు వచ్చిన యేడు పంటలు పండునని నమ్మి, వాటిని పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డలవలె చూచుకొందురు. కర్ణాటకములోని కొక్కరె బెళ్లూరు అను గ్రామమున ఇవే రెండు జాతులు చింతచెట్లపై గూళ్లు కట్టుచుండగా, ఆ చెట్లవారికి అచటి అటవీశాఖ నష్టపరిహార మిచ్చుచున్నది. ఇల్లు లేని బొమ్మలో ఈ విషయమంతయు మాయమగును. చూచినవారు కొంగ అడవిలో నున్నదనుకొందురు.

కావున వెనుకనున్నదానిని మసకచేయుట యొక విద్యయైనచో, దానిని స్పష్టముగా నుంచియు పక్షిని కోల్పోకుండుట అంతకంటె కష్టమైన విద్య. దీనికి లెన్సు ద్వారమును ఎఫ్ 11, ఎఫ్ 16 వరకు చిన్నదిచేసి, దూరముగా నిలువవలెను. సెల్‌ఫోను గల విద్యార్థులకు ఇది యనుకూలమే. దానిలో దగ్గరిది దూరపుది అన్నియు స్పష్టముగానే వచ్చును. పక్షి చిన్నదిగా వచ్చినను విచారము లేదు. ఇల్లు, చెట్టు, దారి ఎట్లు రావలెనో ముందే కూర్చుకొని, పక్షి తల ఏదేని సాదాగానున్నదానిపైకి, అనగా సున్నపుగోడపైకో, కొమ్మలసందునున్న ఆకాశపు ముక్కపైకో, గడ్డివామి నీడపైకో వచ్చువరకు కాచుకొనియుండవలెను. కొంగ పుల్లను తెచ్చి వ్రాలునప్పుడు రెక్కలు చాచును. ఎంత రద్దీలోనైనను ఆ యాకారము కంటికి తగులును. దానికి సెకనులో వెయ్యవవంతు షట్టరు కావలెను. జనవరి ఉదయములలో మంచును, పొయ్యిపొగయు కలిసి వెనుక యిండ్లను పలుచన చేయును. ముందున్న పక్షి ముదురుగా నిలుచును. ఫోటో దుకాణపు తెరకంటె మేలైన యీ తెరను ఆ యూరి గృహిణులే యిచ్చుచున్నారు.

ఇంగ్లండులో రిచర్డు కీర్టను, చెర్రీ కీర్టను అను సోదరులు 1892లో పక్షిగూటిని గ్రుడ్లతో ఛాయాచిత్రము తీసి ప్రసిద్ధులైరి. పక్షులు బెదరకుండుటకై వారు 1900లో ఎద్దుచర్మముతో బోలు ఎద్దునొకదానిని చేయించి, దానిలో దాగి బొమ్మలు తీసిరి. తేలినీలాపురమున నిజమైన ఎద్దులే చెట్టుక్రింద నిలుచుచున్నవి. పక్షులు వాటిని లెక్కచేయవు. ఆ యూరివారిని అసలే లెక్కచేయవు. క్రొత్తవాడు చెట్టు మొదటికి పరుగెత్తినను, చప్పట్లు కొట్టినను, డ్రోనును పైకెగురవేసినను మాత్రము లేచిపోవును. తల్లి లేచినంతనే కాకులు గ్రుడ్లకొరకు వచ్చును. రెక్కలురాని పిల్లలు బెదరి క్రిందపడును. ఎగురుచున్న బొమ్మకై పక్షులను లేపువాడు బొమ్మకొక పిల్లను వెలగా చెల్లించుచున్నాడు.

కె. కె. నీలకంఠన్ అను ఆంగ్లోపాధ్యాయుడు 1946లో పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామమున వేలకొలది గూడబాతులు గూళ్లు కట్టియుండుట చూచి, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో 1949లో వ్యాసము ప్రకటించెను. 1970 దశాబ్దము నడుమకు ఆ పక్షులు ఆ తావును విడిచిపోయినవి. ఆయన వ్రాసి పెట్టకున్నచో అక్కడ అన్ని యుండెనని నేడు నమ్మువారే యుండరు. మన ప్రాంతమునను 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరముదాటి, ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. అట్టి గాలి మరల వచ్చినప్పుడు, ఏ పెరటిలో ఏ చెట్టుపై ఎన్ని గూళ్లుండెనో చూపునది ఇల్లు కనబడు బొమ్మయేగాని ఆకుపచ్చని మసకగల బొమ్మ కాదు.

ఈ సంవత్సరము నేను మరల పోయి, అదే చెట్టును గోపురముమీదనుండి తీసితిని. పెంకుటిల్లు, దండెముపై ఎర్రచీర, వాకిట ముసలమ్మ, పైన పదునొకండు గూళ్లు వచ్చినవి. కరెంటు తీగయు వచ్చినది, ఉండనిచ్చితిని. బొమ్మవెనుక తేదియు, చెట్టుపేరును, గూళ్లసంఖ్యయు వ్రాసి, ఒకప్రతి ఆమెకిచ్చి, ఒకప్రతి మన పాఠశాల గ్రంథాలయమున నుంచితిని. ఆమె దానిలో మొదట చూచినది కొంగను కాదు, తన చీరను.