ఓడదొంగలు - కుంఫిణీ దొరలు

సముద్రపుదొంగల కథలు బాలుర కాలక్షేపమునకే తగియుండునని తలంచు పెద్దలు గలరు. మేమును వారిలోనివారమే. 2007లో వెలువడిన ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్: ఎట్ వరల్డ్స్ ఎండ్’ అను అమెరికా చలనచిత్రమును చూచినపిమ్మట ఆ యభిప్రాయమును కొంత సవరించుకొనవలసివచ్చినది.

2003లో నారంభమై 2006లో సాగిన కథ యీ మూడవ చిత్రముతో ముగిసినది. పిమ్మట వచ్చిన రెండును వేఱు కథలు. వీని మూలము పురాణముగాదు, నవలగాదు. 1967లో డిస్నీలాండు ఉద్యానమున నెలకొల్పిన యొక పడవవిహారము! కథ మిక్కిలి చిక్కుపడినది. ఎవరు ఎవరిని ఎప్పుడు వంచించుచున్నారో తెలిసికొనుటకే ప్రేక్షకునకు సగము శ్రమ. నిడివియో రమారమి మూడుగంటలు. జానీ డెప్ ధరించిన జాక్ స్పారో పాత్రయొక్క తూలునడక నవ్వు పుట్టించును. తుది సమరమున పెనుసుడిగుండములో రెండోడలు గిరగిర తిరుగుచు ఫిరంగులు ప్రేల్చుకొనుట కన్నులపండువే. కాని మమ్ము కట్టివైచినది తొలి దృశ్యము.

పోర్ట్ రాయలు రేవున ఉరికంబములు. సభ చేరు హక్కు, నిర్బంధమును న్యాయస్థానమున ప్రశ్నించు హక్కు, న్యాయవాదిని పెట్టుకొను హక్కు, జూరీ తీర్పు - ఇవన్నియు రద్దయినవని యొక యధికారి తొణకక చదువుచుండును. స్త్రీపురుషులు వరుసలుగా నురికెక్కుచుందురు. వారిలో నొక పసివాడు. ఉరిత్రాడు నందుకొనుటకు వాని యెత్తు చాలదు. ఒక పీపాను తెచ్చి వాని కాళ్లక్రింద నుంతురు. 1919నాటి రౌలట్టు చట్టమును ఎఱిగినవారికి ఆ ప్రకటన క్రొత్తగా తోచదు.

ఇదంతయు నడిపించువాడు ఈస్టిండియా వర్తకసంఘపు ప్రభువు కట్లర్ బెకెట్టు. కుంఫిణీవారికి 1600లో లభించిన పట్టా గుడ్‌హోప్ అగ్రమునకు తూర్పుననున్న దేశములకే గాని కరీబియను సముద్రమునకు గాదని చరిత్రజ్ఞులు తప్పుపట్టవచ్చును. ఆ తప్పు నొప్పుకొందము. అయినను, 1611లో మచిలీబందరున వర్తకమునకు దిగినవారు పిమ్మట దేశమునే తక్కెడలో పెట్టినారని యెఱిగిన మనకు ఈ బెకెట్టు అపరిచితుడు గాడు. వాడు కోపింపడు, కేకలు వేయడు, లాభనష్టములను లెక్కించును. తన మహానౌక రెండువైపుల ఫిరంగిదెబ్బలకు తునాతునకలగుచుండగా, ఇదంతయు వ్యాపారమేయని గొణుగుచు మెట్లు దిగి, మంటలలో గలియును. ఆ నిమిషమున దొంగల పక్షమున నుండని భారతీయు డుండడు.

నిజమైన కరీబియను దొంగలు మనుష్యులను సయితము బానిసలుగా నమ్మినవారు. చిత్రమున ఆ మురికిని కడిగివైచినారు, అది వేఱుమాట. మా మనసు కలుక్కుమనినది మఱియొక చోట. లోకములోని తొమ్మండ్రు దొంగలప్రభువుల సభలో హిందూమహాసముద్రమునకు ప్రతినిధి శంభాజీ ఆంగ్రే. ఈ పేరు కల్పితము గాదు. ఇతని తండ్రి కాన్హోజీ ఆంగ్రే మరాఠా నౌకాబలమునకు సర్‌ఖేలు. ఆంగ్లేయులు విజయదుర్గముపైకిని, 1721లో పోర్చుగీసువారిని వెంటబెట్టుకొని కొలాబాపైకిని దండెత్తి, రెండుమాఱులును రిక్తహస్తులై మరలిరి. గెలువలేని యా సేనానిని కుంఫిణీ కాగితములలో ఓడదొంగయని వ్రాసికొనిరి. నేడు ముంబయిలోని మన నౌకాదళ స్థావరమునకు ఆంగ్రేయనియే పేరు.

చిత్రమున ఆంగ్రేకు పెద్ద గడ్డము గలదు. అతని మాటలను పరిచారకులు పలుకుదురు. తుదకు యుద్ధమునకు సమ్మతించుచు తానే నోరు విప్పగా, కీచుగొంతు వెలువడును. అది హాస్యమట. మేము నవ్వలేకపోతిమి.