పండ్ల పెట్టెలో వచ్చిన అతిథి

నూజివీడు ప్రాంతంలో వేసవి వచ్చిందంటే పాస్టరు ఇంట్లో కూడా గడ్డి మీద రసాలు, బంగినపల్లి కాయలు మాగుతుంటాయి. అలాంటి ఒక మే నెల ఉదయం, మామిడి లోడు దింపి రాయలసీమ మీదుగా తిరిగి వచ్చిన మా సంఘపు లారీ డ్రైవరు ఖాళీ పండ్ల పెట్టె ఒకటి మా అరుగు మీద పెట్టాడు. "రోడ్డు మీద దొరికిందండి అయ్యగారూ, పిల్లలు ఆడుకుంటారని తెచ్చాను" అన్నాడు.

లోపల ఒక ముళ్ల బంతి! ఏదుపంది పిల్ల అనుకున్నాము. కాదు. ఏదుపందికి పొడవాటి ముళ్లుంటాయి, అది ఎలుకల వర్గానిది. ఇది హెడ్జ్‌హాగ్. ముళ్ల ఎలుక అన్నా ఇది ఎలుక కాదు. ముఖ్యంగా పురుగులు తిని బ్రతుకుతుంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళలలోని మెట్ట నేలల్లో ఉండే ఈ జాతిని మద్రాసు హెడ్జ్‌హాగ్ అంటారు. 1851లో హార్స్‌ఫీల్డ్ దీన్ని శాస్త్ర లోకానికి పరిచయం చేశాడు.

విదేశాల్లో వీటిని పెంచుకోవడం ఫోనులో చూసిన మా చిన్నవాడు "నాన్నా, మనమూ పెంచుకుందాం" అని పట్టుబట్టాడు. మేమూ సరేనన్నాము. రసం ముక్క పెడితే ముట్టలేదు. పళ్లెంలో ఆవుపాలు పోశాము. అది తాగింది. మేము మురిసిపోయాము. రాత్రంతా పెట్టెను గీరుతూనే ఉంది. తెల్లవారేసరికి విరేచనాలై నీరసించి పడి ఉంది. ముడుచుకునే ఓపిక కూడా దానికి లేదు.

పశువుల డాక్టరు గారు చూసి, "పాలు దీనికి అరగవండి. మంచి మనసుతోనే చంపేసేవారు" అన్నారు. ఆ మాట మాకు గుచ్చుకుంది. వెడల్పాటి మూతలో నీళ్లు, ఉడికించిన గుడ్డు తునకలు, నీడలో చీకటిగా ఉండే పెట్టె చాలన్నారు. మరో సంగతి కూడా చెప్పారు. విదేశాల్లో ఇళ్లలో పెంచేది చాలావరకు అక్కడే పుట్టించిన ఆఫ్రికా జాతి. మన మద్రాసు హెడ్జ్‌హాగ్ వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. పెంపుడు జాతితోనూ జాగ్రత్త అవసరమే. 2019లో అమెరికాలో పెంపుడు హెడ్జ్‌హాగ్‌ల నుండి సాల్మొనెల్లా వ్యాధి సోకినప్పుడు, వాటిని ముద్దాడవద్దని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది.

అటవీ శాఖకు ఫోను చేశాము. రెండు రోజులకు అది కోలుకుంది. సిబ్బంది వచ్చి, అది దొరికిన చోటు అడిగి రాసుకుని తీసుకువెళ్లారు. చిన్నవాడు అన్నం తినకుండా ఏడ్చాడు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో 104వ కీర్తన చదివాము. దేవుడు మనుష్యునికి పగటిని, అడవి జంతువులకు రాత్రిని నియమించాడని అందులో ఉంది. "దాని రాత్రిని మనం పెట్టెలో పెట్టి మూత వేశాం గదా" అన్నాము. వాడు కాసేపు ఊరుకుని, "అయితే ఇప్పుడు తిరుగుతుంటుందా నాన్నా?" అన్నాడు.

తల్లిదండ్రులారా, ఇలాంటి జీవి మీ కంటపడితే, క్షేమంగా ఉన్నంతవరకు దాని దారిన దాన్ని పోనివ్వండి. గాయపడి ఉంటే మందపాటి గుడ్డతో ఎత్తి, గాలి ఆడే పెట్టెలో నీడన ఉంచండి. ముడుచుకున్న దాన్ని బలవంతాన విప్పవద్దు. నీళ్లు పెట్టండి, పాలు వద్దు. చేతులు సబ్బుతో కడుక్కోండి. వెంటనే అటవీ సిబ్బందికి కబురు చేయండి.

ప్రేమించినదాన్ని దగ్గర ఉంచుకోవాలని మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. ప్రేమించి విడిచిపెట్టడమే నేర్పాలి. అది నేర్పబోయిన మేమే ముందుగా నేర్చుకోవలసి వచ్చింది. ఆ పండ్ల పెట్టె ఇంకా మా వసారాలోనే ఉంది, మూత తీసి.