వాహన నెట్‌వర్క్‌లలో నకిలీ గుర్తింపులు: సిబిల్ దాడి, నిర్జన మార్గాల సమస్య

వైర్‌లెస్ నెట్‌వర్క్‌లో ఒకే వాహనం పలు వాహనాలుగా చలామణి కావడాన్ని సిబిల్ దాడి అంటారు. 1973లో వెలువడిన ఒక ఆంగ్ల గ్రంథంలో పదహారు వ్యక్తిత్వాలు గల స్త్రీకి పెట్టిన మారుపేరు సిబిల్. 2002లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు జాన్ డౌసర్ తన పత్రంలో ఈ దాడికి ఆ పేరే వాడాడు. గుర్తింపులను జారీచేసే విశ్వసనీయ సంస్థ లేనిచోట దీనిని నివారించడం ఆచరణలో అసాధ్యమని ఆయన చూపాడు. వాహన నెట్‌వర్క్‌లకు అటువంటి సంస్థ ఉంటుంది. అయినా సమస్య తీరలేదు. కారణం ఆ సంస్థ ఇచ్చే ధ్రువపత్రాలలోనే ఉంది.

ఈ వ్యవస్థలో ప్రతి వాహనమూ తన స్థానం, వేగం, దిశ, బ్రేకు స్థితులను సెకనుకు సుమారు పదిసార్లు 5.9 గిగాహెర్ట్జ్ తరంగాలపై ప్రసారం చేస్తుంది. సందేశంపై డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం ఎప్పుడూ ఒకే గుర్తింపుతో ఉంటే, రోడ్డు పక్కన యాంటెన్నా పెట్టుకున్న ఎవరైనా ఆ వాహనం రాకపోకలన్నీ తెలుసుకోగలరు. అందుకే తరచూ మార్చుకునే మారుపేర్లను ఇస్తారు. అమెరికాలో రూపొందిన ధ్రువపత్ర వ్యవస్థలో ఒక కారుకు వారానికి 20 పత్రాలు. ఆ వారమంతా ఇరవయ్యీ ఏకకాలంలో చెల్లుతాయి. కారులోని రహస్య తాళాలు దాడిదారు చేజిక్కితే, అతడు ఇరవై వాహనాలుగా మాట్లాడవచ్చు. దొంగ నెంబరు ప్లేటుతో దీనికి పోలిక కుదరదు. ఇక్కడ ఇరవై ప్లేట్లూ అసలైనవే, సంతకాలన్నీ సరైనవే. ఫిర్యాదు అందాక వాటన్నింటినీ ఒకేసారి రద్దుచేసే ఏర్పాటు ఉంది. కాని బ్రేకు పడవలసింది క్షణాల్లో.

ఇంతవరకు భారతదేశంలో ఏఐఎస్-140 పరికరాలు స్థానాన్ని సర్వర్‌కు పంపుతాయే తప్ప, వాహనాలను పరస్పరం మాట్లాడించవు. ఆ దశ వచ్చిన తరువాత సింహాద్రిపురం నుంచి పులివెందులకు రాత్రివేళ పోయే ఒక లారీని ఊహించుకుందాం. ముందున్న మలుపు దాటాక పది వాహనాలు ఆగి ఉన్నాయని సందేశాలు వస్తాయి. నిజానికి అక్కడ ఎవరూ లేరు. డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనుక వచ్చే మోటారుసైకిలు పరిస్థితి ఏమిటి?

పొరుగు వాహనాల సాక్ష్యంతో నిజం తేల్చే పద్ధతులు నగరంలో పనిచేయవచ్చు. ఇక్కడ సాక్షులే లేరు. ఉన్న ఒకరిద్దరినీ పది నకిలీలు సంఖ్యాబలంతో ఓడిస్తాయి. కెమెరా, రాడార్లు మలుపు అవతలికి చూడలేవు. చూపు ఆనని చోటి సమాచారం కోసమే ఈ వ్యవస్థ పుట్టింది కనుక దాడిదారు నకిలీలను నిలిపేదీ అక్కడే.

మిగిలిన ఆధారం తరంగ బలం. ఒకే రేడియో నుంచి వెలువడే పది గొంతుల హెచ్చుతగ్గులు ఒకే తీరున సాగుతాయి. ఈ పోలికను పట్టుకోవడానికి ఒక్క రిసీవరు చాలు, సాక్షులు అక్కరలేదు. అయితే ఒక్కో మారుపేరుకు ఒక్కో ప్రసార శక్తిని వాడి, మధ్యమధ్య దానిని మార్చే దాడిదారు ముందు ఇదీ తడబడుతుంది. వాహన సాంద్రత ఎక్కువగా ఉన్న సిమ్యులేషన్లలో వచ్చిన గుర్తింపు శాతాలను గ్రామీణ మార్గాలకు అన్వయించడం నా దృష్టిలో సరికాదు. ఐఐటీ హైదరాబాద్‌లోని టీహాన్ వంటి పరీక్షా క్షేత్రంలో రెండే వాహనాలు, ఒక మలుపు, శక్తిని మార్చే ఒక ప్రసారిణితో ఈ పద్ధతిని విడిగా పరీక్షించాలి.