క్రాష్ అవ్వడమే అసలు ప్లాన్: చంద్రుడిని మొదటిసారి దగ్గర నుంచి తీసిన రేంజర్ 7 కెమెరాలు ఎలా పనిచేశాయి?

రేంజర్ 7 పంపిన చివరి ఫొటో పూర్తిగా ఉండదు. ఎడమవైపు చంద్రుడి నేల, దానిమీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. కుడివైపు మాత్రం సిగ్నల్ లేని పాత టీవీలో వచ్చే చుక్కల్లాంటి నాయిస్. ఫైల్ కరప్ట్ అయిందేమో అనుకుంటాం, కానీ కాదు. ఆ ఫొటోని లైన్ తర్వాత లైన్ భూమికి పంపుతుండగానే స్పేస్‌క్రాఫ్ట్ నేలని ఢీకొట్టి ముక్కలైపోయింది.

1964 జులై 31న జరిగిన సంగతి ఇది. మన టైమ్‌లో సాయంత్రం 6:55 అయింది. అప్పటికి ఆ కెమెరాలు ఆన్ అయి 17 నిమిషాలే. ఆ 17 నిమిషాల్లో 4,300కి పైగా ఫొటోలు వచ్చాయి. స్టోరేజ్ లేదు, రీటేక్ లేదు, రెండో ఛాన్స్ లేదు. అసలు ఇలాంటి కెమెరాని ఎలా డిజైన్ చేశారో చూద్దాం.

ఢీకొట్టడం ఎందుకు?

1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ, ఆ దశాబ్దం పూర్తయ్యేలోపు మనిషిని చంద్రుడి మీద దింపుతామని ప్రకటించారు. కానీ దిగే చోటు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. భూమ్మీద ఉన్న పెద్ద టెలిస్కోపులకి కూడా చంద్రుడి మీద వందల మీటర్ల కంటే చిన్న వస్తువులు కనిపించేవి కావు. ల్యాండర్‌ని బోల్తా కొట్టించే బండరాయి ఉన్నా మనకి తెలిసే అవకాశం లేదు. పైగా థామస్ గోల్డ్ అనే సైంటిస్ట్, అక్కడి మైదానాల్లో లోతైన దుమ్ము పేరుకుని ఉండొచ్చని వాదించేవారు. అదే నిజమైతే దిగినవాళ్లు దిగినట్టే కూరుకుపోతారు.

మెల్లగా దిగి చూడాలంటే రాడార్, థ్రస్ట్ తగ్గించి పెంచగలిగే ఇంజిన్, కాళ్లు, ఇవన్నీ కావాలి. అవి ఇంకా తయారవుతూనే ఉన్నాయి. చంద్రుడి చుట్టూ తిరగాలన్నా బ్రేక్ వేసే ఇంజిన్ కావాలి. గురి చూసి నేరుగా గుద్దేయడానికి అవేవీ అక్కర్లేదు. అందుకే నాసా, దాని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ, అంటే జేపీఎల్, ఆ దారి పట్టాయి.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. రేంజర్ కెమెరాల్లో జూమ్ లెన్స్ లేదు, పడిపోవడమే జూమ్. మొదటి ఫొటో సుమారు 2,100 కి.మీ. ఎత్తు నుంచి తీసింది. చివరిది దాదాపు అర కిలోమీటరు ఎత్తు నుంచి. అంటే 4,000 రెట్లకి పైగా దగ్గరికి వచ్చింది. ఏ ఫోన్ పెరిస్కోప్ లెన్స్ ఇస్తుంది ఇంత జూమ్!

స్పెక్స్ చూద్దాం

- బరువు: సుమారు 366 కేజీలు
- కెమెరాలు: 6, అన్నీ విడికాన్ ట్యూబులే (ఆర్‌సీఏ కంపెనీ తయారీ)
- లెన్సులు: 25 ఎంఎం ఎఫ్/1 వైడ్, 75 ఎంఎం ఎఫ్/2 టెలి
- ఎఫ్ కెమెరాలు (2): ఫొటోకి సుమారు 1,150 లైన్లు, స్కాన్ టైమ్ దాదాపు 2.5 సెకన్లు
- పీ కెమెరాలు (4): ఫొటోకి సుమారు 300 లైన్లు, స్కాన్ టైమ్ దాదాపు 0.2 సెకన్లు
- ట్రాన్స్‌మిటర్లు: 2, ఒక్కోటి 60 వాట్లు
- స్టోరేజ్: సున్నా

విడికాన్ అంటే సీమాస్ సెన్సార్‌కి తాతయ్య లాంటిది. షట్టర్ తెరుచుకోగానే లోపలి ప్లేట్ మీద వెలుతురుకి తగ్గట్టు ఎలక్ట్రిక్ ఛార్జ్ ఏర్పడుతుంది. తర్వాత ఒక ఎలక్ట్రాన్ బీమ్ ఆ ప్లేట్‌ని లైన్ లైన్‌గా చదువుతుంది. చదివింది చదివినట్టే అనలాగ్ సిగ్నల్‌గా ట్రాన్స్‌మిటర్‌కి వెళ్లిపోతుంది. అంతా అయ్యాక ప్లేట్‌ని పూర్తిగా చెరిపేయాలి. లేకపోతే పాత ఫొటో నీడ కొత్త ఫొటోలో కనిపిస్తుంది.

ఈ చెరిపే పనికి కూడా టైమ్ పడుతుంది కదా? అందుకే ఎఫ్ కెమెరాలు రెండు పెట్టారు. ఒకటి ఫొటో పంపుతున్నప్పుడు రెండోది తన ప్లేట్‌ని చెరుపుకుంటూ ఉంటుంది. తర్వాత డ్యూటీ మారతాయి. దాంతో ట్రాన్స్‌మిటర్ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండదు. గేమ్ గ్రాఫిక్స్‌లో డబుల్ బఫరింగ్ గురించి చదివినవాళ్లకి ఇది చూడగానే అర్థమైపోతుంది.

మరి పీ కెమెరాలు ఎందుకు?

ఇక్కడే చిన్న లెక్క ఉంది. చంద్రుడిని ఢీకొట్టేటప్పుడు రేంజర్ 7 వేగం సెకనుకి సుమారు 2.6 కి.మీ. ఎఫ్ కెమెరా ఒక ఫొటో పంపడానికి పట్టే 2.5 సెకన్లలో అది 6.5 కి.మీ. కిందికి పడిపోతుంది. అంటే నేలకి 6.5 కి.మీ. కంటే దగ్గరగా తీసిన ఏ ఎఫ్ ఫొటో అయినా పూర్తిగా భూమికి చేరే ఛాన్సే లేదు. అసలు మనకి కావాల్సింది ఆ చివరి కిలోమీటర్లే!

అందుకని పీ కెమెరాల్లో ప్లేట్ మధ్యలో ఉన్న చిన్న ముక్కనే చదివారు. ఎఫ్ కెమెరా 11 ఎంఎం చదరాన్ని చదివితే, పీ కెమెరా 2.8 ఎంఎం చదరమే. ఇప్పటి ఫోన్లలో సెన్సార్‌ని క్రాప్ చేసి హై ఫ్రేమ్ రేట్ వీడియో తీయడం లాంటిదే ఇది. కనిపించే ఏరియా తగ్గింది కానీ 0.2 సెకన్లలో ఫొటో వెళ్లిపోతుంది. ఆ టైమ్‌లో రేంజర్ పడేది సుమారు 520 మీటర్లే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన చివరి ఫొటో దగ్గరికి రండి. అది తీసినప్పుడు ఎత్తు దాదాపు అర కిలోమీటరు. పూర్తిగా పంపడానికి 520 మీటర్ల ఎత్తు కావాలి. అందుకే చివర్లో ఆ నాయిస్. ఉన్న టైమ్‌లో వెళ్లగలిగిన ప్రతి లైన్ వెళ్లిపోయింది. మెమరీలో దాచుకుని తర్వాత పంపుదాం అనుకునే సిస్టమ్ అయితే ఆ ఫొటోలో ఒక్క లైన్ కూడా మనకి దక్కేది కాదు.

అమెరికాలోని గోల్డ్‌స్టోన్‌లో 26 మీటర్ల డిష్ ఆ 60 వాట్ల సిగ్నల్‌ని 3.8 లక్షల కి.మీ. దూరం నుంచి పట్టుకుంది. అక్కడ దాన్ని మ్యాగ్నెటిక్ టేప్ మీద, 35 ఎంఎం ఫిల్మ్ మీద రికార్డ్ చేశారు.

రెండు ఉన్నా రెండూ పోయాయి

ఇంత బాగా ప్లాన్ చేసినా మొదటి ఆరు రేంజర్లూ ఫెయిలే. 1, 2 భూమి దగ్గరి ఆర్బిట్‌లోనే ఇరుక్కుపోయాయి. 3 చంద్రుడిని 36,000 కి.మీ.కి పైగా తేడాతో మిస్ అయింది. 4 చంద్రుడి అవతలి వైపు పడింది, కానీ అప్పటికే దాని కంప్యూటర్ పనిచేయడం లేదు. 5 పవర్ పోయి 725 కి.మీ. దూరం నుంచి దాటుకుని వెళ్లిపోయింది.

అన్నిటికంటే బాధ కలిగించేది రేంజర్ 6. 1964 ఫిబ్రవరి 2న అది అనుకున్న చోటికి చాలా దగ్గర్లోనే ఢీకొట్టింది. ప్రయాణం అంతా పర్ఫెక్ట్. కానీ ఒక్క ఫొటో కూడా రాలేదు.

నిజానికి ఎఫ్ కెమెరాలకీ పీ కెమెరాలకీ బ్యాటరీలు, ట్రాన్స్‌మిటర్లు అన్నీ వేరువేరు. ఒకటి పోయినా రెండోది పనిచేయాలనే అలా పెట్టారు. మరి రెండూ ఒకేసారి ఎలా పోయాయి? లాంచ్ అయిన రెండు నిమిషాలకి, రాకెట్ బూస్టర్ ఇంజిన్లు విడిపోతున్నప్పుడు, కెమెరా సిస్టమ్ తనంతట తానే ఆన్ అయి ఒక నిమిషం పైగా ఆన్‌లోనే ఉంది. ఆ ఎత్తులో గాలి చాలా పల్చగా ఉంటుంది. అలాంటి గాలిలో హై వోల్టేజ్ తేలిగ్గా స్పార్క్ అవుతుంది. ఆ స్పార్కులకే హై వోల్టేజ్ సర్క్యూట్లు కాలిపోయాయి. విడిపోయేటప్పుడు కమ్ముకున్న వేడి గ్యాస్, బయటికి ఉన్న కనెక్టర్ పిన్నులని షార్ట్ చేసి ఉంటుందని తర్వాత తేల్చారు.

సర్వర్లు రెండు పెట్టి, రెండిటికీ ఒకే స్విచ్ బోర్డు నుంచి కరెంట్ ఇస్తే ఏమవుతుందో ఇక్కడ అదే అయింది. బ్యాకప్ ఉందా అని చూస్తే సరిపోదు, రెండిటినీ ఒకేసారి చంపగలిగేది ఏదైనా ఉందా అని కూడా చూడాలి. రేంజర్ 6 టీమ్ ఈ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణ జరిపింది. ఇంకోటి ఫెయిలైతే జేపీఎల్ భవిష్యత్తే డౌట్ అనే పరిస్థితి వచ్చింది. రేంజర్ 7లో కనెక్టర్ డిజైన్ మార్చి, రాకెట్ నుంచి విడిపోయేదాకా కెమెరాలు ఆన్ అవ్వకుండా లాక్ పెట్టారు.

ఆ లాంచ్ రోజు టెన్షన్ తగ్గుతుందని జేపీఎల్ కంట్రోల్ రూమ్‌లో ఒకాయన అందరికీ వేరుశనగలు పంచారట. మిషన్ సక్సెస్ అయింది. అప్పటి నుంచి ముఖ్యమైన మిషన్లప్పుడు అక్కడ వేరుశనగలు ఉండాల్సిందే!

ఏం కనిపించింది?

సైన్స్ టీమ్ లీడర్ జెరార్డ్ కైపర్ లెక్క ప్రకారం ఆ ఫొటోలు టెలిస్కోప్ ఫొటోల కంటే వెయ్యి రెట్లు మెరుగు. అర మీటరు సైజు వివరాలు కూడా కనిపించాయి. గుంటల్లో గుంటలు, వాటిలో ఇంకా చిన్న గుంటలు. అయితే అంచులు చాలావరకు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. దిగడానికి వీలైన చదును చోట్లు ఉన్నాయని అపోలో ఇంజినీర్లకి నమ్మకం వచ్చింది. రేంజర్ 7 పడిన మైదానానికి మారే కాగ్నిటమ్, అంటే "తెలిసిన సముద్రం" అని పేరు పెట్టారు.

1965 ఫిబ్రవరిలో రేంజర్ 8 ఏడు వేలకి పైగా ఫొటోలు పంపింది. అది పడిన చోటికి సుమారు 70 కి.మీ. దూరంలోనే తర్వాత అపోలో 11 దిగింది. మార్చిలో రేంజర్ 9 ఫొటోలని అమెరికా టీవీల్లో లైవ్‌గా చూపించారు. దాని కెమెరాలని సరిగ్గా ప్రయాణించే దిశకే తిప్పారు. అలా చేస్తే నేల పక్కకి జరుగుతున్నట్టు ఉండదు కాబట్టి మోషన్ బ్లర్ తగ్గి 0.3 మీటర్ల వివరాలు వచ్చాయి.

దుమ్ము సంగతి మాత్రం ఫొటోలతో పూర్తిగా తేలలేదు. నేల ఎలా ఉందో ఫొటో చెబుతుంది, బరువు ఆపుతుందో లేదో చెప్పదు. 1966లో సోవియట్ లూనా 9, అమెరికా సర్వేయర్ 1 మెల్లగా దిగి, కూరుకుపోకుండా నిలబడ్డాకే ఆ భయం పోయింది.

మన వెర్షన్

ఇదే ఐడియాని 44 ఏళ్ల తర్వాత ఇస్రో కూడా వాడింది. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1 నుంచి 2008 నవంబర్ 14న మూన్ ఇంపాక్ట్ ప్రోబ్ విడిపోయింది. 100 కి.మీ. ఎత్తు నుంచి సుమారు 25 నిమిషాలు పడుతూ ఫొటోలు తీసి, దక్షిణ ధ్రువం దగ్గర ఢీకొట్టింది. తేడా ఒక్కటే. ఇది డేటాని నేరుగా భూమికి కాకుండా పైన తిరుగుతున్న చంద్రయాన్‌కి పంపింది, అక్కడ రికార్డ్ అయి తర్వాత మనకి చేరింది. కానీ రూల్ మాత్రం పాతదే: నేలని తాకేలోపు డేటా బయటికి వెళ్లిపోవాలి.

ఈసారి ఫోన్‌లో బర్స్ట్ మోడ్ నొక్కినప్పుడు ఒక్కసారి గమనించండి. బఫర్ నిండితే ఫోన్ కాసేపు ఆగి ఫొటోలని సేవ్ చేసుకుంటుంది. రేంజర్ 7కి ఆ కాసేపు లేదు. అందుకే దాని చివరి ఫొటోలో ఆ నాయిస్‌ని ఎవరూ క్రాప్ చేయలేదు. స్పేస్‌క్రాఫ్ట్ ఆఖరి క్షణం దాకా పనిచేసిందనడానికి ప్రూఫ్ అదే మరి.