దొంగలే కథానాయకులు

ఫాంటసీ నవలల్లో రాజులు, మాంత్రికుల సరసన దొంగకూ ఎప్పటినుంచో చోటుంది. మంత్రబలం, సైన్యం లేనివాడు చేతివాటంతో, సమయస్ఫూర్తితో గట్టెక్కాలి కాబట్టి ఇలాంటి కథల్లో ఉత్కంఠకు కొదవ ఉండదు. టోల్కీన్ 1937లో వెలువరించిన 'ది హాబిట్'లో 13 మంది మరుగుజ్జులు బిల్బోను వెంట తీసుకెళ్లేది దొంగతనానికే. ఆ పని ఎరగని పెద్దమనిషి డ్రాగన్ గుహ నుంచి మొదట ఎత్తుకొచ్చేది ఒక్క కప్పు. గుట్టలకొద్దీ బంగారం మీద పడుకున్న డ్రాగన్, ఆ ఒక్కటీ పోయిందని లేవగానే కనిపెట్టి నిప్పులు కక్కుతుంది.

ఫ్రిట్జ్ లీబర్ సృష్టించిన ఫాఫర్డ్, గ్రే మౌసర్ జంట కథలు 1939లో మొదలయ్యాయి. వాళ్లుండే లాంక్‌మార్ నగరంలో దొంగలకు సొంత సంఘం ఉంది. దానికి చెప్పకుండా దొంగతనం చేస్తే ప్రాణాలకే ముప్పు. ఇలాంటి సంఘాలు ఆ తర్వాత ఎన్నో నవలల్లో కనిపిస్తాయి.

పెద్దవాళ్లు ఒక్క పుస్తకమే చదవాలనుకుంటే స్కాట్ లించ్ రాసిన 'ది లైస్ ఆఫ్ లాక్ లమోరా' (2006) చదవాలి. వెనిస్‌లాంటి కాలువల నగరం కామోర్. అక్కడి దొంగల పెద్దకూ ప్రభువులకూ లోపాయికారీ ఒప్పందం ఉంది: ప్రభువుల ఇళ్ల జోలికి ఏ దొంగా పోకూడదు. లాక్ ముఠా దోచేది మాత్రం సరిగ్గా వాళ్లనే. గుడి మెట్ల మీద గుడ్డి పూజారిగా నటిస్తూ చందాలు పోగేసే చెయిన్స్ ఈ ముఠాకు గురువు. తాళాలు తీయడంతో సరిపెట్టకుండా వంట, విందు మర్యాదలు, పరాయి యాస కూడా నేర్పిస్తాడు. ప్రభువును బురిడీ కొట్టించాలంటే ప్రభువులాగే కూర్చుని తినడం రావాలి కదా! కొల్లగొట్టిన సొమ్మేమో చాలావరకు గుడి కింద నేలమాళిగలో మూలుగుతుంటుంది. వాళ్లకు డబ్బుకన్నా పన్నాగంలోనే రుచి. రక్తపాతం, బూతులు బాగా ఉన్నాయి కాబట్టి పిల్లలకు ఇవ్వదగిన పుస్తకం కాదు.

పిల్లలకు మేగన్ వేలన్ టర్నర్ రాసిన 'ది థీఫ్' (1996) ఉంది. రాజముద్రిక కాజేశానని కల్లుపాకలో గొప్పలు చెప్పుకుని జైలుపాలైన జెన్‌ను, ఒక పురాతన రత్నం దొంగిలించడం కోసం విడిపిస్తారు. కథ చెప్పే జెన్ పాఠకుడి దగ్గర కూడా ఒక సంగతి దాచాడు. అదేమిటో ముందే తెలుసుకోకపోవడం మంచిది.

బ్రాండన్ శాండర్సన్ 'మిస్ట్‌బార్న్' (2006)లో విన్ అనే వీధి పిల్ల లోహపు పొడి మింగి శక్తులు పొందుతుంది. నాణెం నేలకు విసిరి, దాన్ని మనసుతో నెట్టి, ఆ ఊతంతో గోడ దాటేస్తుంది. లీ బార్డ్యూగో 'సిక్స్ ఆఫ్ క్రోస్' (2015)లో చేతికర్రతో కుంటుతూ నడిచే కాజ్, మరో ఐదుగురితో కలిసి దుర్భేద్యమైన కోట జైలు నుంచి ఒక మనిషిని తప్పించడానికి బయలుదేరతాడు.

ఈ సరదా మనకు కొత్తదేమీ కాదు. 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసిన దశకుమార చరిత్రకు మూలమైన దండి సంస్కృత కావ్యంలో అపహారవర్మ చంపానగరపు పిసినారులను దోచుకుంటాడు. అతను వెంట తీసుకెళ్లే సామగ్రిలో కొలతాడు, కన్నంలోంచి ముందుగా లోపలికి దూర్చి చూసే బొమ్మ తల, దీపం మీదికి వదిలి ఆర్పడానికి తుమ్మెదలను దాచిన పెట్టె ఉంటాయి.