గ్రెగరీ వింటర్
సర్ గ్రెగరీ పాల్ వింటర్ (జననం: 1951 ఏప్రిల్ 14) బ్రిటన్‌కు చెందిన జీవరసాయన శాస్త్రవేత్త. ఇతడు ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో జన్మించాడు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివి (మన రామానుజన్ పరిశోధనలు చేసిన కళాశాల ఇదే), అదే నగరంలోని అణు జీవశాస్త్ర ప్రయోగశాలలో తన పరిశోధనలలో అధికభాగం సాగించాడు. 2018లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు రాగా, మిగిలిన సగాన్ని వింటర్, జార్జ్ స్మిత్ పంచుకొన్నారు.

ఎలుకతో వచ్చిన చిక్కు

శరీరంలో ప్రవేశించిన క్రిములను గుర్తించి పట్టుకొనే మాంసకృత్తులను ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) అంటారు. ఒకే లక్ష్యాన్ని గుర్తించే ప్రతిరక్షకాలను కావలసినంతగా తయారుచేసే పద్ధతిని 1975లో ఇదే ప్రయోగశాలలో సీజర్ మిల్‌స్టీన్, జార్జెస్ కోలర్ కనుగొన్నారు. అయితే అవి ఎలుక కణాల నుండి వచ్చినవి. రోగి శరీరం వాటిని పరాయివిగా ఎంచి, వాటిని ఎదిరించే ప్రతిరక్షకాలను తయారుచేసేది. మందునే రోగమనుకొని తరిమివేయడమన్నమాట!

అంటు కట్టే పద్ధతి

ప్రతిరక్షకం రెండు చేతులు చాచిన ఆకారంలో ఉంటుంది. ఒక్కొక్క చేతి కొసన ఉండే ఆరు చిన్న మెలికలే ముఖ్యంగా లక్ష్యాన్ని పట్టుకొంటాయి. 1986లో వింటర్ బృందం ఎలుక ప్రతిరక్షకపు మెలికలను మానవ ప్రతిరక్షకపు గొలుసులో అమర్చి, అవి అక్కడ కూడా పనిచేస్తాయని చూపింది. నాటు మామిడి మొక్కకు బంగినపల్లి కొమ్మను అంటు కట్టడం వంటిదే ఇది: మొదలు ఒకటి, కాపు మరొకటి. ఇలా రూపొందిన కాంపాత్-1హెచ్ అనే ప్రతిరక్షకాన్ని హెర్మన్ వాల్డ్‌మన్ బృందం లింఫోమా క్యాన్సర్ రోగులు ఇద్దరికి ఇవ్వగా, వారి కణితులు తగ్గినట్లు 1988లో వెల్లడైంది. ఈ చికిత్స పొందిన ఒక వృద్ధురాలిని కలిసిన తరువాత, తన పరిశోధన రోగులకు అందేలా చూడడం తన బాధ్యత అని భావించినట్లు వింటర్ చెప్పాడు.

ఫేజ్ పద్ధతి, అడాలిముమాబ్

బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ అనే వైరస్‌లో ఒక జన్యువును చేర్చితే, ఆ జన్యువు తయారుచేసే మాంసకృత్తు ఫేజ్ పైభాగాన కనిపిస్తుందని 1985లో అమెరికాలో జార్జ్ స్మిత్ చూపాడు. 1990లో వింటర్ బృందం ప్రతిరక్షకపు కొసలను ఇలా ప్రదర్శింపజేసింది. అనేక కోట్ల ఫేజ్‌ల నుండి లక్ష్యానికి అతుక్కొన్నవాటిని ఉంచుకొని, తక్కినవాటిని కడిగివేయవచ్చు. ధాన్యాన్ని తూర్పారబట్టినట్లే.

1989లో వింటర్ పాలుపంచుకొని స్థాపించిన కేంబ్రిడ్జ్ యాంటీబాడీ టెక్నాలజీ సంస్థ, జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్‌తో కలిసి ఈ పద్ధతిలో అడాలిముమాబ్‌ను రూపొందించింది. దాని తుదిరూపంలో ఎలుక భాగమేదీ లేదు. కీళ్లవాతానికి వాడేందుకు దీనికి 2002లో అమెరికాలో అనుమతి లభించింది. హుమిరా పేరుతో ఇది చాలా సంవత్సరాలు ప్రపంచ ఔషధ విక్రయాలలో అగ్రస్థానంలో నిలిచింది. కాని దాని ధర సామాన్యులకు అందుబాటులో లేదు. దీనిని పోలిన మందును 2014లో భారతదేశంలో జైడస్ కాడిలా సంస్థ తక్కువ ధరకు విడుదల చేసింది.